ఫైలులో ఫైలు, ఆ ఫైలులో మరో ఫైలు

ఈ నెల వచ్చిన ప్రశ్నలలో నాలుగు ఒకే అంశాన్ని, అంటే ఒక స్క్రిప్టు ఫైలు మరో ఫైలును చేర్చుకోవడాన్ని, వేర్వేరు కొసల నుంచి పట్టుకున్నాయి. సొంతంగా స్క్రిప్టు భాషకు ఇంటర్‌ప్రెటర్ (ఆదేశాలను చదువుతూ నడిపే ప్రోగ్రాం) రాసుకుంటున్నవారు మన పాఠకులలో ఇంతమంది ఉన్నారని నేను అనుకోలేదు. బాలానగర్ నుంచి వచ్చిన మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు ఇచ్చాను. మిగిలిన ముగ్గురూ దానికి ఇచ్చిన సమాధానం చదివిన తరువాత తమ సమాధానాలు చదివితే మేలు.

ప్రశ్న: శీర్షిక నిర్వాహకులకు నమస్కారం. నేను బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాపులో లెక్కలు చూసుకునే ఉద్యోగిని. మా వర్కర్లకు ఇంగ్లీషు ఆదేశాలు ఇబ్బందిగా ఉన్నాయని తెలుగు ఆదేశాలతో నడిచే చిన్న స్క్రిప్టు భాషను సీ భాషలో రాశాను. అందులో 'చేర్చు' అనే ఆదేశం మరో ఫైలును తెరిచి, అందులోని లైన్లను నడిపి, తిరిగి పాత ఫైలుకు వస్తుంది. ప్రతి పనిదినం సాయంత్రం ఆ రోజు జాబ్ కార్డులు, ముడిసరుకు వాడకం ఒక ఫైలుగా తయారవుతాయి. ఆ ఫైలు మొదటి లైనులో నిన్నటి ఫైలును చేర్చమని ఉంటుంది. మూడేళ్లకు పైగా ఏ ఇబ్బందీ రాలేదు. గత నెలలో ఒక ఉదయం 'ఫైలు తెరవలేకపోయాను' అంటూ ఆగిపోయింది. అది పేరు చెప్పిన ఫైలు నిన్నటిది కాదు, మూడేళ్ల కిందట మొట్టమొదటి రోజు తయారైనది; దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పర్మిషన్లూ మారలేదు. లెక్కపెట్టి చూస్తే 1020 ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, 1021వది తెరుచుకోవడం లేదు. తెలిసినవారు చెప్పగా యూలిమిట్ ఆదేశంతో తెరిచే ఫైళ్ల పరిమితి పెంచితే మళ్లీ నడిచింది. ముందుజాగ్రత్తగా 3000 ఖాళీ ఫైళ్లను అలాగే గొలుసుగా కట్టి పరీక్షిస్తే, ఈసారి 1780 ప్రాంతంలో 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అని పడిపోయింది. ఈ 1020 ఎక్కడిది, ఈ 1780 ఎక్కడిది? నా ప్రోగ్రాం ప్రతిని జతచేస్తున్నాను.

సమాధానం: ముందుగా 1020 సంగతి. లినక్స్‌లో ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) ఒకే సమయంలో తెరిచి ఉంచుకోగల ఫైళ్ల సంఖ్యకు మామూలుగా ఉండే మెత్తని పరిమితి (పెంచుకోగలిగేది) 1024. అంటే 0 నుంచి 1023 వరకు నంబర్లు. అందులో 0 కీబోర్డుకు, 1 తెరకు, 2 ఎర్రర్ సందేశాలకు ప్రోగ్రాం మొదలయ్యేసరికే పోతాయి. మీరు పంపిన ప్రతిలో మొదటి పేజీలోనే లాగ్ ఫైలు తెరిచి, చివరిదాకా మూయకుండా ఉంచారు. 3 దానికి పోయింది. 1024లో నాలుగు తీసివేస్తే మిగిలేది సరిగ్గా 1020. ఇవాళ్టి ఫైలును తెరిచి, మొదటి లైను చదివి, అందులో నిన్నటి ఫైలు పేరు కనబడగానే ఇవాళ్టి ఫైలును తెరిచే ఉంచి నిన్నటిదాన్ని తెరుస్తున్నారు. అది మొన్నటిదాన్ని తెరుస్తుంది. ఇలా గొలుసు మొదటి రోజు ఫైలును చేరేవరకు ఒక్క ఫైలు కూడా మూతపడదు. కాబట్టి గొలుసు కోటాను మొదటిసారి దాటిన రోజున తెరుచుకోకుండా మిగిలేది అన్నిటికంటె పాత ఫైలే. ఏటా 300 పనిదినాల లెక్కన 1020 ఫైళ్లంటే మూడేళ్ల మీద దాదాపు ఐదు నెలలు. మీ ఉత్తరంలోని 'మూడేళ్లకు పైగా' అన్న మాటకు ఇది సరిపోతుంది.

పాత ప్రభుత్వ కచేరీల రికార్డు గది మీకు గుర్తుంటే ఇది వెంటనే కళ్లకు కడుతుంది. బల్లమీద ఒక ఫైలు విప్పుతారు, అందులో 'ఫలానా ఫైలు చూడుము' అని ఉంటుంది, దాన్ని కట్టకుండా దానిపైనే ఫలానా ఫైలు విప్పుతారు. బల్ల నిండిపోయిన తరువాత వచ్చిన ఫైలులో తప్పేమీ ఉండదు, పెట్టడానికి చోటుండదు, అంతే.

ఇక్కడ మీ ప్రోగ్రాంను ఒక్క మాట తప్పుపట్టక తప్పదు. ఫైలు ఎందుకు తెరుచుకోలేదో ఆపరేటింగ్ సిస్టం కీలక భాగమైన కర్నెల్ మీ ప్రోగ్రాంకు చెప్పింది. 'తెరిచిన ఫైళ్లు మరీ ఎక్కువయ్యాయి' అన్న అర్థం వచ్చే ఎర్రర్ నంబరు ఇచ్చింది. మీరు ఆ నంబరును పక్కన పడేసి 'తెరవలేకపోయాను' అని మాత్రమే తెరమీద చూపారు. కారణాన్ని కూడా చూపే ఒక్క లైను ఉండి ఉంటే, మూడేళ్ల కిందటి ఫైలు పర్మిషన్లు వెతుక్కునే పని మీకు ఆ ఉదయం తప్పేది.

ఇక 1780. ఫైళ్ల కోటా పెంచగానే రెండవ గోడ బయటపడింది. మీ ప్రోగ్రాంలో ఒక ఫైలును నడిపే ఫంక్షన్, లైనును విడదీసే ఫంక్షన్‌ను పిలుస్తుంది. అది ఆదేశాన్ని గుర్తుపట్టే ఫంక్షన్‌ను, అది 'చేర్చు' ఫంక్షన్‌ను, అది మళ్లీ మొదటి ఫంక్షన్‌ను పిలుస్తాయి. దీనినే రికర్షన్ అంటాము. మొదటి ఫంక్షన్‌లో లైనును చదువుకోవడానికి 4096 బైట్ల అరేను లోకల్ వేరియబుల్‌గా పెట్టారు. అది కాల్ స్టాక్ (ఇంకా ముగియని ఫంక్షన్ల వివరాలు పేర్చి ఉంచే మెమరీ) మీద కూర్చుంటుంది, ఆ ఫైలు పూర్తయ్యేవరకు అక్కడి నుంచి లేవదు. మిగతా మూడు ఫంక్షన్ల చిల్లర కలిపితే ఒక్కో అంతస్తుకు సుమారు 4.6 కిలోబైట్లు అవుతోంది. లినక్స్ మామూలుగా ఇచ్చే స్టాక్ 8 మెగాబైట్లు, అంటే 8192 కిలోబైట్లు. భాగిస్తే 1780 వస్తుంది. ఫైళ్ల కోటా అయిపోయినప్పుడు కర్నెల్ మర్యాదగా నంబరు ఇచ్చి చెబుతుంది, స్టాక్ అయిపోయినప్పుడు మాత్రం ప్రోగ్రాంను నిలువునా చంపేస్తుంది. సందేశం రాసుకునే అవకాశం కూడా మామూలుగా మీకు ఉండదు.

ఇదే ప్రోగ్రాంను మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కట్టి విండోస్‌లో నడిపి ఉంటే కథ తిరగబడేది. అక్కడ మామూలు స్టాక్ 1 మెగాబైటే కాబట్టి 220 ఫైళ్ల దగ్గరే, అంటే మొదటి ఏడాది గడవకముందే, స్టాక్ కూలిపోయేది. అక్కడి సీ లైబ్రరీ అనుమతించే 512 ఫైళ్ల గోడ దాకా మీరు చేరేవారే కాదు. కాబట్టి 1020ని గాని, 1780ని గాని మీ భాష పరిమితిగా భావించకండి. మీ భాషకు మీరు ఏ పరిమితీ పెట్టలేదు. అది అద్దెకున్న ఇంటి గోడలకు తగులుకుంది.

యూలిమిట్‌తో ఫైళ్ల కోటా పెంచవచ్చు, స్టాక్ కూడా అదే ఆదేశంతో పెంచవచ్చు. ఈ రెండూ చేస్తే మీ షాపు మరికొన్నేళ్లు నడుస్తుంది, అయితే కొత్త కంప్యూటర్ కొన్న రోజున ఎవరికీ గుర్తులేని ఆ సెట్టింగు పోయి, కథ మళ్లీ మొదటికి వస్తుంది. మందు వేయవలసిన చోటు ప్రోగ్రాం లోపల ఉంది, అది రెండు భాగాలు.

మొదటి భాగం తేలిక. ఫైలును తెరవగానే మొత్తం మెమరీలోకి చదివి, వెంటనే మూసివేయండి. నడపడం ఆ తరువాత. అప్పుడు గొలుసు ఎంత పొడవున్నా ఏ క్షణంలోనూ తెరిచి ఉండే స్క్రిప్టు ఫైలు ఒక్కటే. ఇదేమీ నా సొంత కల్పన కాదు. లినక్స్ ఆదేశాలను నడిపే బాష్ షెల్ 'సోర్స్' (అక్కడి 'చేర్చు') ఆదేశానికి సరిగ్గా ఇదే చేస్తుంది. పీహెచ్‌పీ భాష కూడా ఇన్‌క్లూడ్ (అక్కడి 'చేర్చు') చేసిన ఫైలును మొత్తం చదివి, తన లోపలి ఆదేశాలుగా మార్చుకున్న తరువాతే నడుపుతుంది. ఇక్కడ బాష్‌లో ఒక వింత ఉంది. సోర్స్ చేసిన ఫైలును ఒకేసారి మింగే బాష్, మీరు నేరుగా నడిపే ప్రధాన స్క్రిప్టును మాత్రం కొంచెం కొంచెంగా చదువుతూ పోతుంది. నడుస్తున్న స్క్రిప్టును ఎడిటర్‌లో మారిస్తే పిచ్చి ఫలితాలు వచ్చేది అందుకే. వెంటనే మూసివేయడంలో మరో లాభం కూడా ఉంది. మీ భాషలో బయటి ప్రోగ్రాంలను పిలిచే ఆదేశం ఉంది కదా. ఇప్పుడు తెరిచి ఉన్న స్క్రిప్టు ఫైళ్లన్నీ ఆ ప్రోగ్రాంలకు వారసత్వంగా పోతున్నాయి. మీ లాగ్ ఫైలు కూడా అలా పోకుండా, తెరిచేటప్పుడే 'కొత్త ప్రోగ్రాం మొదలవగానే మూసివేయి' అన్న గుర్తు పెట్టండి.

రెండవ భాగానికి కొంత ఓపిక కావాలి. 'ఎక్కడ ఆగాను, తిరిగి ఎక్కడికి వెళ్లాలి' అన్న జ్ఞాపకాన్ని ఇప్పుడు మీరు సీ భాష కాల్ స్టాక్‌కు అప్పగించారు. దానిని మీరే దాచుకోవాలి. పెళ్లింట అరివేణి కుండలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు, మెమరీలో మీ సొంత దొంతర ఒకటి పేర్చుకోండి. దొంతరలోని ప్రతి అంతస్తులో ఉండవలసినవి నాలుగే: ఫైలు పేరు, చదివి ఉంచుకున్న పాఠం, అందులో ఇప్పుడున్న చోటు, లైను నంబరు. ప్రోగ్రాం గుండెకాయ ఇలా మారుతుంది:

దొంతరపై మొదటి ఫైలును పెట్టు
దొంతర ఖాళీ కానంతవరకు:
    పై అంతస్తులో తరువాతి లైను తీసుకో
    లైన్లు అయిపోతే: పై అంతస్తును తీసివేసి, లూప్ మొదటికి పో
    లైను 'చేర్చు' అయితే: ఫైలు తెరువు, మొత్తం చదువు, మూసివేయి, దొంతరపై పెట్టు
    మరేదైనా అయితే: దాన్ని నడుపు

ఇందులో ఏ ఫంక్షనూ తనను తాను పిలవడం లేదు. 'చేర్చు' వచ్చినప్పుడు జరిగేది దొంతర ఒక అంతస్తు పెరగడం మాత్రమే. లూప్ తన మానాన తాను మరుసటి లైను అడుగుతుంది, ఆ లైను ఇప్పుడు కొత్త ఫైలు నుంచి వస్తుంది. మీ ఫైళ్లు ఒక్కొక్కటి 2 కిలోబైట్లని రాశారు. 20 ఏళ్లకు 6000 ఫైళ్లు దొంతరలో ఒకేసారి ఉన్నా 12 మెగాబైట్లు, ఈ రోజుల్లో దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. మీ భాషలో 'అయితే', 'అంతవరకు' అనే బ్లాకులు కూడా రికర్షన్‌తోనే నడుస్తున్నాయి. లూప్ బ్లాకు లోపల 'చేర్చు' వచ్చినప్పుడు బ్లాకును నడిపే ఫంక్షన్ కాల్ స్టాక్ మీద నిలిచి ఉండగానే కొత్త ఫైలు మొదలవుతుంది, ఆ ఫైలులోనూ లూప్ లోపల 'చేర్చు' ఉంటే కథ పాతదే. కాబట్టి బ్లాకు మొదలైన లైను ఏది, షరతు ఏది అన్నవి కూడా అదే దొంతరలోకి రావాలి. ఈ ఒక్క పని చేయకుండా వదిలేసి, 'నా ఇంటర్‌ప్రెటర్‌లో రికర్షన్ తీసేశాను' అనుకున్నవారిని చాలామందిని చూశాను. అందులో ఒకప్పటి నేను కూడా ఉన్నాను.

'చేర్చు' ఫైలు చివరి లైనులో ఉంటే మరో సులువు ఉంది. పాత అంతస్తులో ఇంకా నడపవలసినది ఏమీ మిగలదు కాబట్టి దాన్ని ముందే తీసివేసి కొత్తదాన్ని పెట్టవచ్చు. గొలుసు ఎంత పొడవైనా దొంతర ఎత్తు ఒకటే. 1990ల మొదట్లో అమీర్‌పేటలో డాస్ నేర్చుకున్నవారికి ఇది చేదు జ్ఞాపకంగా తెలిసే ఉంటుంది. డాస్ బ్యాచ్ ఫైలులో మరో బ్యాచ్ ఫైలు పేరు ఊరికే రాస్తే అది అటే వెళ్లిపోయేది, తిరిగి వచ్చేది కాదు. తిరిగి రావాలంటే 1987లో డాస్ 3.3తో వచ్చిన 'కాల్' ఆదేశం వాడాలి. మీ విషయంలో ఈ సులువు పనికిరాదు, మీ 'చేర్చు' మొదటి లైనులో ఉంది. దాన్ని చివరకు జరిపితే నేటి వాడకం ముందు, పాత నిల్వ తరువాత లెక్కకు వస్తాయి. అది మీరు కోరేది కాదు.

చివరగా, తప్పు సగం మీ ఇంటర్‌ప్రెటర్‌లో ఉంటే సగం మీ ఫైళ్ల అమరికలో ఉంది. నిన్నటి నిల్వ తెలుసుకోవడానికి మూడేళ్ల కిందటి మొదటి రోజు నుంచి ప్రతి ఉదయం మళ్లీ కూడుకుంటూ వస్తున్నారు. బేగంబజార్‌లో ఏ వ్యాపారీ అలా చేయడు. దీపావళికి కొత్త చిట్టా తెరిచి, పాత చిట్టా ముగింపు నిల్వను మొదటి పేజీలో ప్రారంభ నిల్వగా రాసుకుంటాడు, పాత చిట్టాను బీరువాలో పెడతాడు. మీరూ నెలాఖరున గొలుసును ఒకసారి నడిపి, చివరి విలువలను ఒక ప్రారంభ నిల్వ ఫైలుగా రాయించి, ఒకటవ తేదీ ఫైలు దాన్ని మాత్రమే చేర్చుకునేలా చేయండి. గొలుసు 28 ఫైళ్లు దాటదు. అప్పుడు ప్రోగ్రాంలో 200 అంతస్తుల పరిమితి పెట్టి, అది దాటితే స్పష్టమైన సందేశంతో ఆపేయవచ్చు. జీసీసీ కంపైలర్ ఇన్‌క్లూడ్ ఫైళ్లకు మామూలుగా పెట్టుకునే పరిమితి కూడా 200 అంతస్తులే, కావాలంటే మార్చుకోవచ్చు. సీ భాష ప్రమాణం తొలి కూర్పు కంపైలర్ల నుంచి కోరినది కనీసం 8 అంతస్తులు, 1999 కూర్పు దాన్ని 15 చేసింది. కోడు మార్పులను భద్రపరిచే గిట్ తన కాన్ఫిగ్ ఫైళ్లకు 10తో సరిపెట్టుకుంటుంది, ఎవరికి అడ్మిన్ అధికారాలో చెప్పే సుడోయర్స్ ఫైలుకు 128. మనిషి చేత్తో రాసిన ఫైళ్లలో పది పదిహేను అంతస్తులు దాటడం నేను అరుదుగా చూశాను. వందలకు చేరిందంటే, మీ షాపులో లాగా, ఆ ఫైళ్లను మరో ప్రోగ్రాం రాస్తోందని అర్థం.

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి ఇంజనీరింగ్ మూడవ సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం పైథాన్‌లో చిన్న ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నాను. ఒక ఫైలు రెండవదాన్ని, రెండవది మళ్లీ మొదటిదాన్ని చేర్చుకుంటే ఏమి చేయాలి? లోతుకు పరిమితి ఉంటే చాలని మా గైడ్ అంటున్నారు. ఒకసారి చేర్చిన ఫైలును మళ్లీ చేర్చకుండా పేర్ల జాబితా పెడితే చాలని మా మిత్రులు అంటున్నారు.

సమాధానం: ఇద్దరి మాటలోనూ నిజముంది, ఏ ఒక్కటీ చాలదు. గానుగెద్దులా తిరిగే గొలుసును లోతు పరిమితి ఎప్పుడో ఒకప్పుడు ఆపుతుంది, అందులో సందేహం లేదు. అయితే 200 సార్లు తిరిగిన తరువాత 'లోతు మించింది' అంటుంది, అసలు జబ్బు 'ఈ ఫైలు తనను తానే చేర్చుకుంటోంది' అన్నది. చదివేవాడికి ఈ రెండు సందేశాల మధ్య అరగంట తేడా ఉంటుంది. కొత్త ఫైలును దొంతరపై పెట్టే ముందు, అది ఇప్పటికే దొంతరలో ఉన్నదా అని పైనుంచి కిందికి ఒకసారి చూడండి. ఉంటే అది చక్రం. దొంతరలో లేదు గాని ఇంతకుముందు ఎప్పుడో పూర్తయింది అంటే అది చక్రం కాదు. రెండు వేర్వేరు ఫైళ్లు ఒకే ఉమ్మడి ఫైలును వాడుకుంటున్నాయంతే. ఈ రెండింటినీ కలిపి ఒకే జాబితాతో చూడడమే మీ మిత్రుల పొరపాటు.

మీ భాషలో షరతులు ఉన్నాయి కాబట్టి మీ గైడ్ తరఫున ఒక వాదన చేయవచ్చు. ఒక ఫైలు తనను తాను ఒక షరతు కింద చేర్చుకొని, వేరియబుల్ సున్నా కాగానే ఆగవచ్చు; అది అనంతం కాదు. సీ ప్రీప్రాసెసర్ (కంపైల్ చేసే ముందు ఇన్‌క్లూడ్‌లను విప్పే దశ) అటువంటి వాడకాన్ని అనుమతిస్తుంది, అందుకే అక్కడ చక్రాన్ని కాకుండా లోతును కొలుస్తారు. నా మట్టుకు నేను కొత్త భాషలో దీన్ని నిషేధిస్తాను. ఫంక్షన్లు ఉన్న భాషలో ఫైలును ఫంక్షన్‌గా వాడవలసిన అవసరం ఎవరికీ లేదు.

లోతు పరిమితి పట్టుకోలేని ప్రమాదం మరొకటి ఉంది. 21 ఫైళ్లు తీసుకోండి. ప్రతి ఫైలూ తన తరువాతి ఫైలును రెండేసి సార్లు చేర్చుకుంటుంది, చక్రం ఎక్కడా లేదు, లోతు 21 మాత్రమే. చివరి ఫైలు 10,48,576 సార్లు నడుస్తుంది. ఏ పరిమితీ మోగదు, ప్రోగ్రాం ఊరికే నిద్రపోయినట్టు ఉంటుంది. ఇక్కడ మాత్రం మీ మిత్రుల జాబితాయే పనికివస్తుంది: 'చేర్చు' కాక 'ఒకసారే చేర్చు' అనే రెండవ ఆదేశం ఇవ్వండి. పీహెచ్‌పీలోనూ ఈ రెండూ వేర్వేరు ఆదేశాలుగా ఉన్నాయి.

ఆ జాబితాలో పేరు ఎప్పుడు రాయాలి అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఫైలు పూర్తయిన తరువాత రాస్తే, నడుస్తుండగా వచ్చే రెండవ పిలుపు దానికి దొరకదు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. ముందే రాస్తే చక్రం తెగుతుంది గాని, రెండవ ఫైలుకు మొదటి ఫైలు సగమే వండిన అన్నంలా దొరుకుతుంది. పైథాన్ రెండవ దారి పట్టింది. 'సగం సిద్ధమైన మాడ్యూల్' అనే అర్థంతో అది ఇచ్చే ఎర్రర్‌ను మీరు చూసే ఉంటారు. ముందే రాసి, పక్కన 'నడుస్తోంది', 'పూర్తయింది' అని స్థితిని కూడా గుర్తుపెట్టుకోవడం నా సలహా.

ఇక పేరు సంగతి. ఒకే ఫైలుకు రెండు దారుల్లో రెండు పేర్లు ఉండవచ్చు, సింబాలిక్ లింకు మూడవ పేరు ఇవ్వవచ్చు. పెర్ల్ భాష తన జాబితాను ప్రోగ్రామర్ రాసిన పేరుతోనే ఉంచుకుంటుంది, అందువల్ల దారి మార్చి రాస్తే ఒకే ఫైలు రెండుసార్లు లోడ్ కావచ్చు. లినక్స్‌లో మీరు పోల్చవలసినది డివైస్ నంబరు (ఏ డిస్కు), ఐనోడ్ నంబరు (ఆ డిస్కులో ఏ ఫైలు) అనే జంటను. వేరే డైరెక్టరీలోకి కాపీ చేసిన ఫైలు మాత్రం పాఠం ఒకటే అయినా ఈ లెక్కలో వేరే ఫైలు అవుతుంది. దాన్ని అలాగే వదిలేయండి, దాన్నీ పట్టుకోవాలని పాఠాలు పోల్చడం మొదలుపెడితే ఖాళీ ఫైళ్లన్నీ ఒకటైపోతాయి.

మీరు పైథాన్‌లో రాస్తున్నారు కాబట్టి స్టాక్ కూలిపోయే భయం తక్కువ. పైథాన్ తన రికర్షన్‌ను మామూలుగా 1000 దగ్గర తానే ఆపి, ఎక్సెప్షన్ ఇస్తుంది. మీ ప్రతి అంతస్తులో నాలుగు ఫంక్షన్ పిలుపులు ఉంటే ఆ 1000 మీకు 250 అంతస్తులకే సరిపోతుందని మాత్రం మరచిపోకండి.

ప్రశ్న: 'చేర్చు' తరువాత సగం దారి మాత్రమే రాస్తే, దాన్ని ఎక్కడి నుంచి వెతకాలి? నా స్క్రిప్టులు చేత్తో నడిపితే నడుస్తాయి, రాత్రి క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు మొదలుపెట్టే ప్రోగ్రాం) నడిపితే ఫైలు దొరకలేదంటాయి. — ఒక పాఠకుడు, తార్నాక

సమాధానం: మీ ఇంటర్‌ప్రెటర్ ప్రస్తుత డైరెక్టరీ నుంచి వెతుకుతోంది. చేత్తో నడిపినప్పుడు మీరు ఆ డైరెక్టరీలోనే నిలబడి ఉంటారు, క్రాన్ మాత్రం మీ హోమ్ డైరెక్టరీలో నిలబడి నడుపుతుంది. 'చేర్చు' అని రాసి ఉన్న ఫైలు ఏ డైరెక్టరీలో ఉందో అక్కడి నుంచే వెతకండి. సీ భాషలో కొటేషన్ గుర్తుల మధ్య రాసిన ఇన్‌క్లూడ్ పేరును కంపైలర్లు ముందుగా అలాగే వెతుకుతాయి. అంతస్తులు పెరిగిన కొద్దీ దీని విలువ తెలుస్తుంది: ఐదవ అంతస్తులోని ఫైలు తన పక్క ఫైలును పిలవడానికి, మొదటి ఫైలు ఎక్కడ నడుస్తోందో తెలుసుకోవలసిన అవసరం ఉండకూడదు. పీహెచ్‌పీలో ఈ తలనొప్పి వల్లనే 'ఈ ఫైలు ఉన్న డైరెక్టరీ' అనే స్థిరపదం 5.3 కూర్పులో వచ్చింది, అప్పటినుంచి జాగ్రత్తపరులు ప్రతి ఇన్‌క్లూడ్‌కూ ముందు దాన్ని తగిలించి రాస్తున్నారు. దొంతరలోని ప్రతి అంతస్తులో ఫైలు పేరుతోపాటు దాని డైరెక్టరీ కూడా దాచుకుంటే మీ పని రెండు లైన్లలో తేలిపోతుంది. ప్రస్తుత డైరెక్టరీనే మార్చి, పని అయ్యాక వెనక్కి మార్చే పద్ధతి జోలికి మాత్రం పోకండి. మధ్యలో ఎర్రర్ వస్తే వెనక్కి మార్చేవారు ఎవరూ ఉండరు.

ప్రశ్న: నా ఇంటర్‌ప్రెటర్ ఎర్రర్ చూపే లైను నంబరు ఎప్పుడూ తప్పే. ఒక్కోసారి చేర్చిన ఫైలు చివరి ఆదేశం, దాన్ని చేర్చిన ఫైలులోని తరువాతి ఆదేశంతో కలిసిపోయి వింత పదం తయారవుతోంది. — ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: మీరు లైను నంబరును ఒకే గ్లోబల్ వేరియబుల్‌లో ఉంచి ఉంటారు. అది అంతస్తుకు ఒకటి ఉండాలి. పై అంతస్తు తీసివేయగానే కింది అంతస్తు నంబరు దానంతట అదే పలుకుతుంది. ఎర్రర్ వచ్చినప్పుడు పై అంతస్తు ఫైలునూ లైనునూ చూపి, కింద 'దాన్ని చేర్చినది ఫలానా ఫైలు, 12వ లైను' అని ఒక్కో అంతస్తునూ దిగుతూ రాయండి. దొంతర ఇరవై దాటితే పై ఐదు, కింది ఐదు చూపి, మధ్యలో ఎన్ని వదిలారో అంకె వేస్తే చాలు. బాలానగర్ పాఠకుడి 1020 అంతస్తులనూ తెరమీద పరిస్తే అసలు ఎర్రర్ పైకి ఎగిరిపోయి కనబడదు.

కలిసిపోయే ఆదేశాల సంగతి మరొకటి. ఆ ఫైలు చివరి లైనులో ఎవరో ఎంటర్ కొట్టకుండా సేవ్ చేశారు. ఫైలు పాఠాన్ని మెమరీలోకి చదివిన వెంటనే, చివరి అక్షరం కొత్త లైను గుర్తు కాకపోతే మీరే ఒకటి జతచేయండి. అక్కడే ఉన్నారు కాబట్టి మరో తనిఖీ కూడా పెట్టండి: ఫైలు మొదలైనప్పుడు ఎన్ని బ్లాకులు తెరిచి ఉన్నాయో దాచుకొని, ఆ ఫైలు ముగిసినప్పుడు అన్నే ఉన్నాయా అని పోల్చండి. తేడా వస్తే అక్కడే ఆపి, మూయని బ్లాకు ఏ లైనులో మొదలైందో చెప్పండి. లేకపోతే మూడవ అంతస్తులో మరచిపోయిన 'ముగింపు' తాలూకు ఎర్రర్, ప్రధాన ఫైలు చివరి లైను దాటిన తరువాత, అక్కడ లేనే లేని లైను నంబరుతో బయటపడుతుంది.